డిసెంబర్ మొదటి వారంలోనే స్నో! కరివేపాకు చెట్టు నేలలో ఉంది, ఏం చెయ్యాలి? (అట్లాంటా)

పెరటిమనిషి (కమ్మింగ్, జార్జియా) – 8 డిసెంబర్ 2017, శుక్రవారం, ఉదయం 11:10

అందరికీ నమస్కారం. పొద్దున సన్నగా మొదలైంది, ఇప్పుడు దూదిపింజల్లా పడుతోంది. నిన్న వార్తల్లో ఒకటి రెండు అంగుళాలు, అదీ గడ్డి మీదే అన్నారు. అప్పుడే రెండు దాటింది, ఆగే సూచనే లేదు. మొన్న సోమవారం టీషర్టుతో పెరట్లో ఆకులు ఊడ్చాను, నమ్మండి.

అసలు సంగతికి వస్తాను. నా కరివేపాకు కుండీలో లేదు. 2014 వేసవిలో దక్షిణం గోడ పక్కన నేలలో పెట్టేశాను. ఇప్పుడు నా తల దాటింది. ప్రతి ఏడూ జనవరిలో ఆకు రాల్చుకుని, కొమ్మల చివర్లు ఎండి, ఏప్రిల్ చివరికి మళ్లీ చిగురించేది. థాంక్స్‌గివింగ్ (నవంబర్ చివర్లో వచ్చే ఇక్కడి పండుగ) అవగానే చుట్టూ జాలీ కట్టి ఎండుటాకులు నింపేవాణ్ణి. ఈసారి వెచ్చగా ఉంది కదా, క్రిస్మస్ సెలవుల్లో చూద్దాంలే అనుకున్నాను. ఇంకా లేత చిగుళ్లతో నిలబడి ఉంది పిచ్చిది.

దాని పక్కనే చిక్కుడు పందిరి. నవంబర్‌లో రెండు రాత్రులు దుప్పట్లు కప్పి కాపాడుకున్నాను, గోడవైపు తీగ నిండా పూత. గుండుమల్లె, నిమ్మ, తులసి కుండీల్లో ఉన్నాయి. మడుల్లో కొత్తిమీర, మెంతి, పాలకూర. ఏది ముందు చూసుకోవాలో చెప్పండి. ఆఫీసు వాళ్లు ఇంటి నుంచే పని చేసుకోమన్నారు కాబట్టి చేతులు ఖాళీయే.

ఎర్రమట్టి (ఆల్ఫరెట్టా) – ఉదయం 11:32

చీపురు తీసుకుని బయటికి వెళ్లండి, మిగతాది తర్వాత. ఇది పొడి స్నో కాదు, 33 డిగ్రీల ఫారెన్‌హీట్ (నీరు గడ్డకట్టే 32కి కాస్త పైన) దగ్గర పడే తడి స్నో, బరువెక్కువ. కొమ్మ కింద చీపురు పెట్టి మెల్లగా పైకి తట్టండి. పైనుంచి కిందికి కొడితే అసలే వంగిన కొమ్మ పుటుక్కుమంటుంది. గంటకోసారి చెయ్యాలి. నేను పొద్దున్నుంచి కమీలియాలకీ అజేలియాలకీ అదే సేవ.

జాజిపందిరి (సువానీ) – ఉదయం 11:40

కుండీలన్నీ గరాజులోకి లాగెయ్యండి అన్నయ్య గారూ, ఇంకా ఆలోచనెందుకు. తులసి ముందు. నేను కార్తీకమాసం అవగానే లోపల పెట్టేశాను, 40 డిగ్రీలకే ముఖం మాడ్చుకుంటుంది మా తులసమ్మ.

షుగర్‌ల్యాండ్_సుబ్బు (హ్యూస్టన్) – మధ్యాహ్నం 12:05

మీకొచ్చిందే మాకూ వచ్చింది. ఇవాళ తెల్లవారుజామున లేచి చూస్తే లాన్ తెల్లగా ఉంది. పిల్లలు స్నోమాన్ అని చేశారు, సగం మట్టే. కార్పస్ క్రిస్టీ వైపు ఇంకా ఎక్కువట, సముద్రం ఒడ్డున కొబ్బరిచెట్లలాంటి తాటి జాతి చెట్ల మీద స్నో!

మాకు డిసెంబర్ స్నో కొత్తేం కాదు లెండి. 2008 డిసెంబర్ 10న పడింది, మరుసటి ఏడు డిసెంబర్ 4నే పడింది. హ్యూస్టన్ రికార్డుల్లో అంత ముందుగా ఎప్పుడూ లేదన్నారు. ఆ రెండుసార్లూ మా మునగ పైన చచ్చి కింద నుంచి లేచింది. మొండిఘటం. కరివేపాకు అంత గట్టిది కాదు, జాగ్రత్త.

పెరటిమనిషి – మధ్యాహ్నం 1:15

కుండీలు లోపలికి చేరాయి. నిమ్మ కుండీ దొర్లించేటప్పుడు నడుం పట్టింది, అది వేరే కథ. కరివేపాకుకి పెయింటింగ్‌కి కొన్న ప్లాస్టిక్ షీటు ఉంటే చుట్టేసి తాడు కట్టాను. సరిపోతుందా?

వెనక కంచె వెంబడి లేలాండ్ సైప్రస్ వరుస ఉంది చూశారూ, పక్కింటివాళ్లు కనపడకుండా బిల్డర్ నాటినవి, అవి నెమ్మదిగా మా వైపు నమస్కారం పెడుతున్నాయి.

మొక్కల_మేష్టారు (ఛార్లెట్) – మధ్యాహ్నం 2:20

బాబూ, ముందు ఆ ప్లాస్టిక్ తీసెయ్యి. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదువు. నేను బాపట్లలో వ్యవసాయం చదువుకుని, ఉద్యోగమంతా మిరప, పత్తి పొలాల్లో తిరిగినవాణ్ణి. రిటైరయ్యాక అబ్బాయి దగ్గరికి వచ్చి ఈ చలి పాఠం మొదటినుంచీ నేర్చుకున్నాను.

ఆకుకి ఆనుకున్న ప్లాస్టిక్, ఆ తగిలినచోటల్లా బయటి చలిని ఆకుకి అంటిస్తుంది. రేపు ఎండ కాస్తే లోపల ఉడికిపోతుంది కూడా. పాత దుప్పటి, పాత చీర, ఏదైనా గుడ్డ కావాలి. అది నేలదాకా పరుచుకోవాలి. మనం దుప్పటి కప్పుకుంటే మన ఒంటి వేడి మనకే ఉంటుంది. మొక్కకి ఒంటి వేడి లేదు కదా, దాని కింద నేలకుంది. గుడ్డని కాండానికి బిగించి కట్టావంటే నేల వేడి బయటే పోతుంది, లాలీపాప్‌కి కాగితం చుట్టినట్టు. గుడారంలా వెయ్యి, అంచుల మీద ఇటుకలు పెట్టు.

ఇక నీ స్నో సంగతి. స్నో చూసి భయపడుతున్నావుగానీ, చెట్టుకి శత్రువు అది కాదు. అప్పుడే పడ్డ స్నోలో ఎక్కువ భాగం గాలే. పరుపులో దూది ఎలాగో అలాగ. దాని కింద నేల 32 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది, పైన గాలి 20కి దిగినా సరే. బరువు ఒకటే ప్రమాదం, దానికి చీపురు మందు ఎర్రమట్టి గారు చెప్పేశారు.

అసలు గండం స్నో ఆగాక వస్తుంది. మబ్బు విడిపోయి, గాలి ఆగి, నక్షత్రాలు కనపడే రాత్రి. ఆ రాత్రి నేల వేడంతా ఆకాశంలోకి పోతుంది. తెల్లటి స్నో పరుచుకుని ఉంటే నేల వేడి పైకి రానివ్వదు కాబట్టి పైనున్న గాలి ఇంకా చల్లబడుతుంది. అంటే స్నో కింద ఉన్నది బతుకుతుంది, పైన ఉన్నది చస్తుంది. నీ చెట్టు వేళ్లు కింద ఉన్నాయి, చిగుళ్లు పైన. చిగుళ్ల మీద ఆశ వదులుకో, వేళ్లని కాపాడుకో.

కాబట్టి నేను చెప్పేది విని నవ్వకు. పార తీసుకుని చుట్టూ ఉన్న స్నో తెచ్చి కరివేపాకు మొదట్లో పొయ్యి. ఇంట్లో పైన్ స్ట్రా (ఎండిన పైన్ చెట్టు ఆకులు) ఉంటే ముందది ఒక జానెడు వేసి, దాని మీద పొయ్యి.

చిన్నకాకాని (జాన్స్ క్రీక్) – మధ్యాహ్నం 2:31

మేష్టారూ, చలికి చస్తున్న చెట్టు మీద మంచు పొయ్యమంటున్నారా? 😀

మొక్కల_మేష్టారు – మధ్యాహ్నం 2:34

అవును. పొయ్యమంటున్నాను.

జాజిపందిరి – మధ్యాహ్నం 3:02

మనకి 'మంచు' అన్న ఒక్క మాటతో వచ్చింది ఈ తంటా అంతా. ధనుర్మాసంలో ముగ్గు తడిపేదీ మంచే, రోడ్డు కనపడనివ్వనిదీ మంచే, ఫ్రిజ్‌లో గడ్డకట్టేదీ మంచే, ఇప్పుడు నా బండి మీద కూర్చున్నదీ మంచే. మా అమ్మకి ఫోన్ చేసి "మంచు పడుతోందే" అంటే "పొద్దున్నే కదా, తలకి గుడ్డ కట్టుకో" అంది.

ఎర్రమట్టి – రాత్రి 8:50

కరెంటు పోయింది. ఫోన్ నుంచి రాస్తున్నాను, 40 శాతం ఉంది. సాయంత్రం ఆరు నుంచి చుట్టూ అడవిలో తుపాకులు పేల్చినట్టు చప్పుళ్లు. లోబ్లాలీ పైన్ కొమ్మలు విరుగుతున్నాయి. ఒక్కోసారి ముందు ఢామ్మని, తర్వాత దూరంగా నీలం వెలుతురు, ఎక్కడో ట్రాన్స్‌ఫార్మర్ పేలినట్టుంది. పక్కింటి బ్రాడ్‌ఫర్డ్ పేర్ నిట్టనిలువునా రెండుగా చీలింది. ఆ చెట్టుకి స్నో అక్కర్లేదు, గట్టిగా తుమ్మినా చీలుతుంది.

2014 జనవరిలో రోడ్ల మీద ఇరుక్కుపోయిన రాత్రి గుర్తొస్తోంది. అప్పుడు స్నో రెండున్నర అంగుళాలే, జనం మాత్రం రాత్రంతా కార్లలో. ఇవాళ అంతకు రెండు మూడింతలు పడినా అందరూ ఇళ్లలో ఉన్నాం, అదే నయం.

పెరటిమనిషి – 9 డిసెంబర్, శనివారం, ఉదయం 9:25

మాకు కరెంటు ఉంది, దేవుడి దయ. స్కేలు తీసుకెళ్లి డెక్ మీద గుచ్చి చూశాను, ఏడున్నర అంగుళాలు. కెన్నెసా వైపు తొమ్మిది పది అంటున్నారు, విమానాశ్రయం దగ్గర రెండే అంట. ఒకే ఊరు!

చిక్కుడు పందిరి కూలిపోయింది. నిన్న రాత్రి పదకొండింటికి కూడా తట్టి వచ్చాను, తెల్లారేసరికి నాలుగు వెదురు కర్రలూ కింద. తీగ మీద స్నో తీసి చూస్తే ఊదారంగు పూలు అలాగే ఉన్నాయి, గాజులో పెట్టినట్టు. ఒకటి వేలితో ముట్టుకుంటే చిట్లి పొడి అయింది. గోరంత కాయలు రెండు గుత్తులు, ఇంకో పది రోజులుంటే కూరకి వచ్చేవి.

మేష్టారు చెప్పినట్టు చేశాను. ప్లాస్టిక్ తీసేశాను. అమ్మ ఇక్కడే ఉంది, సంక్రాంతికి గుంటూరు వెళ్లిపోతుంది. తన పాత వెంకటగిరి చీర ఇచ్చింది, జరీ అంచు చిరిగి మూలన పడేసింది. గుడారం దానితోనే వేశాను. ఇంతవరకు బాగుంది. నేను చక్రాల బండితో స్నో తెచ్చి మొదట్లో గుమ్మరించడం కిటికీలోంచి చూసి, శాలువా కప్పుకుని బయటికొచ్చేసింది. "చీర కప్పేది నువ్వే, కింద మంచు పోసేది నువ్వే, ఏంట్రా ఈ పని?" అంది. ఛార్లెట్‌లో ఒక పెద్దాయన చెప్పారమ్మా అన్నాను. "ఆయన ఇంట్లో కరివేపాకు ఉందా?" అని అడిగింది. మేష్టారూ, జవాబు మీరే చెప్పాలి.

మొక్కల_మేష్టారు – ఉదయం 9:48

ఉంది, కుండీలో ఉంది, హాల్లో సోఫా పక్కన ఉంది. అమ్మగారికి నా నమస్కారాలు. ఆవిడ అడిగింది సరైన ప్రశ్నే.

ఎడిసన్_ఎర్రన్న (న్యూజెర్సీ) – ఉదయం 10:30

అంత బరువు స్నో ఆకులున్న చెట్ల మీద పడితే ఎలా ఉంటుందో మాకు 2011లో తెలిసింది. అక్టోబర్ 29. ఇంకా ఓక్, మేపుల్ ఆకులు రాలనే లేదు, సగం పచ్చగానే ఉన్నాయి. ప్రతి ఆకూ ఒక గరిటె అన్నట్టు స్నో పట్టుకుంది. సాయంత్రానికి మా వీధిలో కారు వెళ్లే దారి లేదు. ఈశాన్య రాష్ట్రాలన్నీ కలిపి 30 లక్షల పైచిలుకు కనెక్షన్లకి కరెంటు పోయింది, మాకు వారం దాకా రాలేదు. పిల్లల హాలోవీన్ మా ఊరివాళ్లు వాయిదా వేశారు.

అదే స్నో జనవరిలో పడితే ఏమీ కాదు, మొండి కొమ్మల్లోంచి జారిపోతుంది. ఎంత పడింది అన్నది తర్వాత. చెట్టు చలికాలానికి తయారైందా లేదా అన్నదే లెక్క.

మొక్కల_మేష్టారు – ఉదయం 11:05

ఎర్రన్న గారు అసలు మాట పట్టుకున్నారు. ఈ దేశపు చెట్లయినా సరే, శరత్కాలంలో పగళ్లు కురచవుతుంటే, రాత్రులు మెల్లమెల్లగా చల్లబడుతుంటే, వారాల తరబడి తయారవుతాయి. కణాల్లో నీరు తగ్గించుకుని చక్కెర పెంచుకుంటాయి. చక్కెర నీరు తొందరగా గడ్డకట్టదు. నవంబరంతా వెచ్చగా ఉండి ఒక్కసారిగా పడిపోతే ఆ తయారీ సగంలో ఉంటుంది. మన కరివేపాకు, మల్లె, మందారానికి అసలా విద్యే పెద్దగా రాదు.

ఇదే లెక్కన పెరటిమనిషి మడుల్లో పాలకూర, కొత్తిమీర, మెంతి గురించి దిగులక్కర్లేదు. స్నో కరిగాక లేచి కూర్చుంటాయి. పాలకూర ఇంకా తియ్యగా ఉంటుంది, రుచి చూసి చెప్పు.

కరీంనగర్_కూరగాయ (మారియెటా) – మధ్యాహ్నం 1:10

చిక్కుడు గురించి ఎవరూ మాట్లాడతలేరు, నా బాధ చెప్పుకుంట. ఏప్రిల్‌ల విత్తనం పెడితే జులై దాకా తీగ మస్తుగ పాకుతది, ఇంటి కప్పు ఎక్కుతది, పూత మాత్రం ఉండది. సెప్టెంబర్ చివర్ల, అక్టోబర్‌ల పూత. కాయ పడే టైంకు చలి. ఆరేండ్ల నుంచి ఇదే కథ. నీళ్లు తగ్గించిన, ఎరువు తగ్గించిన. మా ఊర్ల సంక్రాంతికి గంపల కొద్ది కాసేది.

ఎర్రమట్టి – మధ్యాహ్నం 1:30

కరెంటు వచ్చింది! 17 గంటలు. మా వెనక లేలాండ్ సైప్రస్‌లు మూడు వేళ్లతో సహా పడి కంచె మీద కూర్చున్నాయి. కాలనీ అసోసియేషన్‌కి ఫోన్ చేస్తే చెట్లు మీవే, కంచె మీదే, ముప్ఫై రోజుల్లో తీయించండి, కొత్త కంచె రంగుకి మాత్రం మా అనుమతి కావాలి అన్నారు.

కరీంనగర్ తమ్ముడూ, తప్పు నీది కాదు. మన నాటు చిక్కుడుకి పగలు కురచైతేగానీ పూత రాదు. మన ఊళ్లో వేసవి పగలు 13 గంటలు, ఇక్కడ జూన్‌లో 14 దాటుతుంది. అది సెప్టెంబర్ దాకా పూత మాటే మర్చిపోతుంది. గోంగూర పూత కూడా ఇంతే, కానీ ఆకు తింటాం కాబట్టి మనకి నొప్పి తెలియదు. పగలుతో సంబంధం లేకుండా కాసే పొట్టి రకాలు వెతుకు. పొద చిక్కుడు అంటారు, కుండీలో కూడా వస్తుంది.

కరీంనగర్_కూరగాయ – మధ్యాహ్నం 1:41

ఆరేండ్లు! ఆరేండ్ల నుంచి ఆ తీగను తిడుతున్న అన్నా.

చిన్నకాకాని – సాయంత్రం 4:20

ఇవాళ రాత్రి 25 దాకా దిగుతుందంటున్నారు. చీర గుడారం లోపల చిన్న హీటర్ పెడితే? లేదా వేడినీళ్లు మొదట్లో పోస్తే?

మొక్కల_మేష్టారు – సాయంత్రం 4:45

హీటర్ వద్దే వద్దు. తడి నేల, గుడ్డ, కరెంటు, ఇల్లు పక్కనే, ఈ నాలుగూ కలవకూడదు. వేడినీళ్లు వేళ్లకి దెబ్బ, గంటలో అవే ఐసుగడ్డలవుతాయి.

పాతకాలపు క్రిస్మస్ బల్బుల తోరణం ఉందా? ముట్టుకుంటే వెచ్చగా తగిలేవి, బయట వాడేందుకు చేసినవి. అవి లోపల వెయ్యొచ్చు, గుడ్డకి తగలకుండా. ఎల్‌ఈడీ తోరణం వేస్తే అందంగా ఉంటుంది, అంతే. అది లేకపోతే ఖాళీ పాల క్యాన్లలో నీళ్లు నింపి గుడారంలో పెట్టు. నీరు గడ్డకట్టేటప్పుడు వేడిని వదులుతుంది, గ్రాముకి 80 కేలరీలు. ఫ్లోరిడాలో స్ట్రాబెర్రీ తోటలవాళ్లు చలి రాత్రుల్లో తోటంతా నీళ్లు చల్లేది ఈ లెక్క మీదే. నాలుగు క్యాన్లతో అద్భుతాలు జరగవు, ఒకటి రెండు డిగ్రీలు ఆదుకుంటాయి.

లంబసింగి_లోయ (నర్సీపట్నం) – 10 డిసెంబర్, ఆదివారం, ఉదయం 7:15

ఇక్కడి నుంచి ఒక మాట. ప్రతి చలికాలం మా లంబసింగిలో స్నో పడిందని ఫోటోలు తిరుగుతాయి, ఆంధ్రా కశ్మీర్ అని వైజాగ్ నుంచి కార్లు వస్తాయి. ఉష్ణోగ్రత సున్నా సెల్సియస్ దగ్గరకి దిగిన తెల్లవారుజామున గడ్డి మీద తెల్లగా పేరుకునేది గడ్డకట్టిన మంచు, ఆకాశం నుంచి పడేది కాదు. మాకు నక్షత్రాల రాత్రి అంటే ఏమిటో బాగా తెలుసు. మబ్బు పట్టిన రాత్రి మా చిక్కుళ్లకి ఏమీ కాదు. మేష్టారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం.

పెరటిమనిషి – 11 డిసెంబర్, సోమవారం, ఉదయం 8:05

రెండు రాత్రులు గడిచాయి. చీర ఎత్తి చూశాను. పై ఆకులన్నీ ఉడకబెట్టిన పాలకూరలా నల్లగా వేలాడుతున్నాయి. వాసన మాత్రం, ఏం చెప్పను, తాలింపు వేసినట్టు పెరడంతా కరివేపాకు వాసన. ఐసు ఆకు కణాల్ని చీల్చితే నూనె బయటికొస్తుంది కాబోలు. అమ్మ పనికొచ్చే ఆకులు దూసుకుని ఫ్రీజర్లో పెట్టింది. "పోయేది ఎలాగూ పోతుంది, కారప్పొడికైనా ఉంటుంది" అంది.

పాలకూర లేచి కూర్చుంది. నిజంగానే తియ్యగా ఉంది.

చిన్నకాకాని – ఉదయం 8:30

నల్లబడ్డ కొమ్మలన్నీ కొట్టెయ్యండి బ్రదర్, లేకపోతే కుళ్లు కిందికి దిగుతుంది. మా ఇంట్లో మందారానికి అదే చేశాను నిన్న.

మొక్కల_మేష్టారు – ఉదయం 8:52

కొట్టొద్దు. ఇప్పుడు కత్తెర పెడితే మళ్లీ ఒక వెచ్చటి వారం రాగానే చిగురేస్తుంది, జనవరిలో ఆ చిగురూ పోతుంది, వేళ్లలో దాచుకున్నది రెండుసార్లు ఖర్చు. చచ్చిన కొమ్మే కింది కొమ్మకి గొడుగు. విరిగి వేలాడేవి మాత్రం తీసెయ్యి. మిగతాది ఏప్రిల్ దాకా చూడను కూడా చూడకు.

చిన్నకాకాని గారూ, మందారానికి దుప్పటి వెయ్యండి.

చిన్నకాకాని – ఉదయం 8:55

వేస్తున్నా 😐

పెరటిమనిషి – 18 జనవరి 2018

చిన్న అప్‌డేట్. డిసెంబర్ స్నో మూడో రోజుకే కరిగింది, ఆ తర్వాత పైన్ స్ట్రా రెండు మూటలు తెచ్చి మోకాలెత్తు వేశాను. ఈ నెల మొదటి వారమంతా చలి చంపేసింది, మొన్న మళ్లీ స్నో. అమ్మ గుంటూరు వెళ్లిపోయింది. రోజూ వీడియో కాల్‌లో మనవడి కంటే ముందు చెట్టు గురించే అడుగుతోంది.

పెరటిమనిషి – 22 ఏప్రిల్ 2018

గోరుతో బెరడు గీకి చూశాను. ఛాతీ ఎత్తులో గోధుమరంగు. నడుం ఎత్తులో గోధుమరంగు. మోకాలి దగ్గరా అంతే. చుట్టూ డాగ్‌వుడ్‌లు పూశాయి, ఇది మాత్రం కట్టెలా నిలబడింది. గుండుమల్లె కూడా పోయింది, గరాజులో నీళ్లు ఎక్కువ పోసి నేనే చంపాను, అది చలి మీద వెయ్యలేను.

శుభవార్త ఒకటి. ఫిబ్రవరిలో ఎండ చూసి తొందరపడి బయట పెట్టి మర్చిపోయిన నిమ్మ కుండీ, ఎండిపోయిందనుకున్నది, మొదట్లోంచి రెండు జానల చిగురేసింది!

మొక్కల_మేష్టారు – 22 ఏప్రిల్ 2018

నిమ్మ చిగురు ఫోటో చూశాను. సంబరపడకు బాబూ. ఒక్కో కాడకి మూడేసి ఆకులున్నాయి చూడు, ముల్లు బారెడుంది. అది నీ నిమ్మ కాదు, అంటు కట్టిన కింది మొక్క. చలికి తట్టుకుంటుందని మూడాకుల నారింజ మీద అంటు కడతారు. పైనున్న నిమ్మ పోయింది, కిందిది లేచింది. కాయ కాస్తుంది, నోట్లో పెట్టుకోలేవు.

కరివేపాకుకి ఆ గొడవ లేదు. అది తన వేళ్ల మీదే ఉంటుంది, ఎక్కడినుంచి లేచినా కరివేపాకే. నేల వేడెక్కాలి. మే నెలంతా ఆగు.

చిన్నకాకాని – 13 మే 2018

పెరటిమనిషి గారూ, తవ్వేశారా?

పెరటిమనిషి – 13 మే 2018

లేదు. మా ఆవిడ ఆ జాగాలో గులాబీ పెడదామంటోంది. మే 31 దాకా గడువు తీసుకున్నాను.

పెరటిమనిషి – 27 మే 2018

పైన్ స్ట్రా పక్కకి తీశాను. పాత కాండానికి అడుగు దూరంలో, మట్టి పగిలి, ఎర్రటి కొన ఒకటి. అగ్గిపుల్ల తలంత ఉంది. కలుపేమో అనుకుని, గిల్లి వాసన చూశాను. గిల్లకుండా ఉండాల్సింది, తెలుసు. కరివేపాకే.

గోడవైపు ఇంకో రెండున్నాయి. గుంటూరులో అప్పుడు తెల్లవారుజాము నాలుగు, అయినా ఫోన్ చేశాను.

కరీంనగర్_కూరగాయ – 27 మే 2018

శుభం అన్నా! నా పొద చిక్కుడు జూన్ రాకముందే పూసింది. ఎర్రమట్టి అన్నకు దండం.

ఎర్రమట్టి – 28 మే 2018

కంచె రంగుకి అనుమతి ఇంకా రాలేదు.

జాజిపందిరి (సువానీ) – 27 డిసెంబర్ 2022

ఈ పాత పోస్టులు వెతికి పట్టుకున్నాను. ఈ క్రిస్మస్ చలి చూశారుగా, ఒక్క పూటలో నలభైల నుంచి సింగిల్ డిజిట్‌కి. ఒక్క స్నో రేకు కూడా లేదు, ఉత్త గాలి. నా గంధరాజాలు, లోరోపెటాలం, ఇరవై ఏళ్ల కమీలియా అన్నీ కాల్చినట్టయ్యాయి. 2017లో ఏడంగుళాల స్నో పడ్డప్పుడు వీటికి ఏమీ కాలేదు! పెరటిమనిషి గారూ, మీ చెట్టు?

పెరటిమనిషి – 27 డిసెంబర్ 2022

ఈసారి పైనుంచి స్నో దుప్పటి లేదు కదండీ, వేళ్లకి మనమే వెయ్యాలి. థాంక్స్‌గివింగ్ మర్నాడే జాలీ, ఆకులు, పైన్ స్ట్రా, అన్నీ అయ్యాయి. సెలవుల దాకా ఆగడం మానేశాను. పైన పోతుంది, కింద లేస్తుంది, ఇప్పుడు అంత టెన్షన్ లేదు.

పిలకలు మాత్రం వేసవిలో నాలుగు తీసి కుండీల్లో పెట్టాను, గరాజులో ఉన్నాయి. దగ్గర్లో ఎవరికైనా కావాలంటే వచ్చి పట్టుకెళ్లండి. మేష్టారూ, ఒకటి మీకోసం ఉంచాను.

మొక్కల_మేష్టారు – 28 డిసెంబర్ 2022

వద్దు బాబూ. కరివేపాకు నిమ్మజాతిది, నిమ్మ తోటల్ని తినేసే తెగులుని మోసే పురుగు దీనిమీదా బతుకుతుంది. జార్జియా నుంచి మా రాష్ట్రానికి మొక్క దాటించకూడదు, ఆకైనా అంతే. మార్చిలో అట్లాంటా వస్తున్నాను. మీ ఇంట్లోనే పులిహోర తింటాను. అమ్మగారు ఇక్కడే ఉంటే ఇంకా మంచిది, ఆవిడకి నేను ఒక జవాబు బాకీ ఉన్నాను.

పెరటిమనిషి – 28 డిసెంబర్ 2022

ఫిబ్రవరిలో వస్తోంది. మీ సోఫా పక్కన చెట్టు ఫోటో తెమ్మంటోంది.